తడి దూది నిలవని కండ్లు

ఇగో, ముందే చెప్తున్న. అబద్ధమైతె నా కండ్లు పోవాలె. ఉత్తగ అనే మాట కాదిది... పొద్దుందాక కండ్ల కాడ పనిచేసేదాన్ని, కండ్ల మీదనే ఒట్టు పెడుతున్ననంటె అర్థం చేసుకోండ్రి. కవితా, నువ్వు ముందుగాల గా నవ్వుడు ఆపు. నవ్వేటిదైతె లేచి మీ ఇంటికి పో. నేను చెప్పనే చెప్పను.

నా పని మీకు ఎర్కనే. ఐ బ్యాంకుల టెక్నీషియన్ని. ఎవరన్న కండ్లు దానమిస్తమని ఫోన్ చేస్తె, వాళ్ళింటికి పోయి తీసుకొచ్చేది నేనే. కండ్లంటె మొత్తం గుడ్డు కాదు... ఎన్నిసార్లు చెప్పినా మా అత్తమ్మ బుర్రకు ఎక్కది. నల్లగుడ్డు మీద అద్దమోలె పల్చటి పొర ఉంటది. కార్నియా అంటరు. గంతే తీస్తం. మల్ల రెప్పలు మూసి, మనిషి పండుకున్నట్టే పెట్టి ఒస్తం. శవమంటె నాకు భయం లేదు. సచ్చినోళ్ళు ఏమంటరు పాపం? పరేషానంత బతికున్నోళ్ళతోనే.

గా రాత్రి దాక గట్లనే అనుకున్న.

మా మీది పోర్షన్ల పద్మావతమ్మ ఉంటది సూడు... గుడివాడ దిక్కోళ్ళు. బిడ్డకు కోచింగని సరూర్‌నగర్‌ల మా బిల్డింగ్‌లనే కిరాయికి దిగిండ్రు. పిల్ల పేరు లహరి. ఆ పిల్లకు ఒక కన్ను పుట్టుకతోనే మసక. ఉన్నదల్ల ఇంకోటి. గా ఒక్క కంటితోనే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌కు పోయేది, గా ఒక్క కంటితోనే అర్ధరాత్రి దాక చదివేది. గా కన్నుల పుండైంది. లెన్స్ పెట్టుకోని పండుకునుడో, రోడ్డు మీద దుమ్ము పడుడో... ఫంగస్ ఒచ్చింది. నేనే తోల్కపోయి మా దవాఖానల చూపిచ్చిన. గంట గంటకు మందు చుక్కలు పోసుడే... పుండు తినేది తింటనే ఉంది.

ఆ రోజు సాయంత్రం డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "స్వరూపా, పొర కాగితమంత అయిపోయింది. పొద్దునకల్లా కార్నియా దొరికితే కుట్టి నిలబెడతాను. లేకపోతే పగిలిపోతుంది" అన్నది. పగిలిపోతదంటె ఏందో నాకు తెలుసు. లోపలిదంత బయటికొస్తది. ఇగ కన్ను లేనట్టే.

మా ఫ్రిజ్‌ల ఒక్కటంటె ఒక్కటి లేదు. కొన్ని దినాల సంది ఫోన్లే రాలే. వేరే బ్యాంకుల అడిగితె వాళ్ళ కాడున్నయి వాళ్ళకే చాలుత లెవ్వన్నరు. పద్మావతమ్మ వార్డు బయట బెంచి మీద కూసోని నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, ఎక్కడో అక్కడ దొరుకుతాయి కదమ్మా? ఇంత పెద్ద ఊళ్ళో... ఎవరో ఒకరు..." అని ఆగిపోయింది. ఎవరో ఒకరు సావాలె అనే గదా దాని అర్థం. ఆ మాట ఆమె నోట్లనే ఉండిపోయింది. కొంగుతోని మొహం కప్పుకోని ఏడ్సింది.

ఇంటికొచ్చి ఇంత తిని మంచం మీద ఒరిగిన్నో లేదో... ఫోను.

"మా ఆయన పోయిండు మేడం. కండ్లు ఇస్తం. జల్దీ రాండ్రి." ఆడమనిషి గొంతు. ఎల్బీనగర్. వయసెంతక్కా అంటె నలభై లోపే అన్నది. నలభై లోపు మనిషి కార్నియా అంటె మంచిగుంటది. నాకు పానం లేచొచ్చింది. చెప్పొద్దు మరి... ఒకామె మొగుడు సచ్చిండని ఫోన్ చేస్తె నాకు సంతోషమైంది. ఏం జేస్త? నా కండ్ల ముందర లహరే ఉండె.

"ఫ్యాన్ బంద్ చెయ్యక్కా. తల కింద మెత్త పెట్టు. రెప్పలు మూసి, దూది తడిపి కండ్ల మీద పెట్టు. ఎండొద్దు. ఎండితె పనికిరావు. నేనొస్తున్న" అని చెప్పి బయలెల్లిన. మా డ్రైవర్ యాదగిరన్న మెట్రో పిల్లర్ల కింద నుంచి గాలోలె తోలిండు. దారిల డాక్టరమ్మకు ఫోన్ చేసిన. పద్మావతమ్మకు గూడ చేసిన. చెయ్యకుంటె మంచిగుండేది... కాని చేసిన. "దొరికినట్టే అమ్మా" అన్న. అవతల నుంచి ఏడుపే.

ఎల్బీనగర్‌ల లోపలి గల్లీ. ఇంటి ముందర ట్రాలీ ఆటో, దాన్నిండ నీళ్ళ క్యాన్లు. సచ్చినాయన పేరు నర్సింహ. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళకు నీళ్ళ క్యాన్లు ఏసేటోడు. భార్య మణెమ్మ. నల్లగొండ దిక్కు నుంచి ఒచ్చి ఈడ బతుకుతున్నోళ్ళు. నలుగురైదుగురు సుట్టాలు బయట కుర్చీలల్ల కూసున్నరు. చిన్న పిల్ల ఒకతి మణెమ్మ కొంగు పట్టుకోని నిలవడ్డది. వాళ్ళ బిడ్డ.

లోపలి అర్రల చాప మీద పండవెట్టిండ్రు. తల కాడ దీపం. సుట్టు గోడలెంబడి క్యాన్లే క్యాన్లు... మూతలు పెట్టినయి, ఖాళీయి. ఒక మూలకు స్టాండు మీద బోర్లిచ్చిన క్యాన్ ఒకటి, కింద నీళ్ళు పట్టే నల్ల.

కండ్ల మీద దూది లేదు.

మెత్త పక్కన పడి ఉన్నయి రెండు ముక్కలు. "ఏందక్కా, పెట్టమన్న గదా" అని జర గట్టిగనే అన్న. "పెట్టిన మేడం. పెట్టినప్పుడల్ల పడిపోతున్నయి" అన్నదామె. దుఃఖంల ఉన్న మనిషి, సక్కగ పెట్టిందో లేదో అనుకోని మల్ల తడిపి నేనే పెట్టిన.

తీసే ముందు అడిగేటియి ఉంటయి. అందరి కండ్లు పనికిరావు కదా. షుగర్ ఉంటె పర్వాలే, బీపీ ఉంటె పర్వాలే, అద్దాలున్నా, శుక్లాలు తీపిచ్చుకున్నా మాకు నడుస్తది. నడువనియి వేరే ఉంటయి. రక్తంల దాసుకోని ఉండే కామెర్లు, ఎయిడ్సు, ఒళ్ళంత పాకిన చీము, రక్తం క్యాన్సరు, మెదడుకెక్కిన జబ్బులు. సచ్చినాయన జబ్బు బతికున్నోళ్ళకు ఎక్కిచ్చినట్టయితది. కొన్నింటికి రక్తం పరీక్ష ఉంది. కొన్నింటికి మేం చేసే పరీక్షల్ల ఏం కనపడదు... ఇంటోళ్ళ నోరే దిక్కు.

"ఏమైందక్కా ఆయనకు?"

"జరమొచ్చింది. ఈడ చిన్న దవాఖానల గ్లూకోజు పెట్టిండ్రు. పెద్ద దవాఖానకు తోల్కపొమ్మన్నరు. దారిలనే... గుండె ఆగిందని రాసిచ్చిండ్రు."

"కామెర్లు గిట్ల?" "లేవు." "ఫిట్స్ ఒచ్చినయా?" "రాలే." "ఎప్పుడన్న రక్తమెక్కిచ్చిండ్రా?" "లేదు మేడం." "ఏదన్న జంతువు కరిసిందా? కుక్క గిట్ల?"

నోరు తెరవలే. తల అడ్డంగ ఊపింది. ఊపుకుంట దీపం దిక్కు చూసింది. మిగిలినయన్నిటికి నోటితోని చెప్పింది, దీనికొక్కదానికే ఊపింది. గప్పుడు నేను పట్టిచ్చుకోలే. నా బుర్రల తెల్లారుడొక్కటే తిరుగుతుంది. అందర్ని బయటికి పంపి తలుపు దగ్గరికేసిన.

ఇగ ఇనుండ్రి.

అర్రల నేను, ఆయన. ఫ్యాన్ బంద్. కిటికీ మూసే ఉంది. దీపం కదులుత లేదు... అంటె గాలి లేనే లేదు. నేను వెనుకకు తిరిగి సామాను పరుస్తున్న. గ్లోవ్స్ ఏసుకుంటున్న.

టప్.

మెత్తగ... తడి బట్ట కింద పడ్డట్టు. తిరిగి చూస్తె దూది నేల మీద ఉంది. మెత్త పక్కన కాదు. జర దూరంల... విసిరేస్తె పడ్డట్టు. సరే, జారిందనుకున్న. మల్ల తడిపిన. గట్టిగ పిండి పెట్టిన. వేలుతోని అదిమి మరీ పెట్టిన. సామాను దిక్కు తిరిగిన.

మూలకున్న క్యాన్... బుడుక్... అన్నది.

మన ఇండ్లల్ల లేవా క్యాన్లు? నల్ల వంచి నీళ్ళు పట్టుకుంటేనే గదా బుడగ లేసేది. ఎవరు పట్టిండ్రు? నేను పట్టలే. ఇంకెవరున్నరాడ?

టప్.

ఈసారి తిరగనీకె నాకు మనసు రాలే. మెల్లగ తిరిగిన. దూది కింద ఉంది. ఆయన మొహం గోడ దిక్కుంది. నేను పెట్టినప్పుడు మొహం పైకి ఉండె. నా సేతులతోని సక్కగ పెట్టిన నేను... ఇప్పుడు గోడ దిక్కు తిరిగి ఉంది. కవితా, నువ్వు అడుగుతవని తెలుసు, నేనే చెప్తున్న. శవం కదులుతది. అప్పుడప్పుడు చెయ్యి జారుతది, తల ఒరుగుతది. చూసిన నేను. కాని గది పానం పోయిన కొత్తల. ఆయన పోయి గంటలు దాటింది. మెడ బిగుసుకునే టైం అది. బిగుసుకున్న మెడ దానంతట అది తిరగదు.

రెండు సేతులతోని తల పట్టి తిప్పిన. గట్టిగ ఉంది. ఒచ్చింది, కాని బలిమీటికి ఒచ్చింది. చిన్న పిల్లగాండ్లకు మందు తాపేటప్పుడు మొహం తిప్పుకుంటరు సూడు... గట్ల.

"నర్సింహన్నా," అన్న. నవ్వకుండ్రి, శవాలతోని మాట్లాడే అలవాటుంది నాకు. "అన్నా, నీ కండ్లు ఒక ఆడపిల్లకు పోతయి. జర సహకరించు."

కోసే ముందు కన్ను కడుగుతం. సెలైన్ సీసా తీసిన. మూత తిప్పిన. కంటి మీదికి వంచబోయిన... ఇంకా చుక్క పడలే...

గుటక.

గొంతుల నుంచి. గుటక ఏసిండు.

ఆగుండ్రి. నేను చెప్తున్న గదా. శవం కడుపుల నుంచి గాలి బయటికొస్తది, మూలుగినట్టు ఇనపడతది. గది నాకు తెలువదా? ఎన్నిసార్లు ఇన్ననో. గది బయటికొచ్చే సప్పుడు. ఇది లోపలికి పోయే సప్పుడు. నొప్పితోని మింగే మనిషి గుటక. గొంతు ముడి మీదికి లేసి... కిందికి పోయినట్టు నాకు కనపడ్డది. కనపడ్డదా, అనిపిచ్చిందా... ఇప్పుడు అడిగితె ఏమో. ఇనుడు మాత్రం ఇన్న.

సీసా పక్కకు తీసిన. అంతే... మెడ మెత్తబడ్డది. నా చెయ్యి కిందనే మెత్తబడ్డది.

మల్ల సీసా దగ్గరికి తెచ్చిన. ఎందుకు తెచ్చిన్నో నాకే తెల్వది. మెడ బిగుసుకుంది. మొహం మెల్లగ... గోడ దిక్కు...

నేను కెవ్వుమని ఒర్లలే. నీళ్ళ దిక్కెల్లి మొహం తిప్పుకుంటుండు. నీళ్ళ క్యాన్లు అమ్ముకోని బతికిన మనిషి. పిచ్చికుక్క కరిసినోళ్ళకే నీళ్ళంటె గంత భయం.

తలుపు తీసి మణెమ్మను ఒక్కదాన్నే లోపలికి పిలిచిన. ఈసారి కరిసిందా అని అడగలే.

"అక్కా, ఆఖరు దినాల్ల నీళ్ళెట్ల తాగిండు?"

ఆమె మొహంల నెత్తుటి సుక్క లేదు. ఎన్కనుంచి బిడ్డ ఒస్తుంటె బయటికి నూకి తలుపు పెట్టింది. ఒచ్చి ఆయన కాళ్ళ కాడ కూసున్నది. కప్పిన బట్ట జర పైకి లేపింది. ఎడమ కాలు పిక్క మీద నల్లగ మానిన గాటు. దాని మీద పసుపు దారం. దారం కింద ఎండిపోయిన పచ్చటి పసరు మరక.

"మా ఊరి దిక్కు పసరు పోస్తడు ఒకాయన," అన్నది. "పోసినంక ఏడాది దాక దాని పేరు ఎత్తొద్దన్నడు. ఎవరడిగినా చెప్పొద్దు. నోట్లకెల్లి ఎల్లితె పసరు ఇరుగుతది... ఇంట్ల ఇంకొకరికి తాకుతది అన్నడు. నాకు ఒక్కతే బిడ్డ మేడం."

అప్పుడు గూడ ఆ పేరు తియ్యలే ఆమె. చెప్పినంత సేపు "అది" అనే అన్నది. అది తెల్లారకముందు హాస్టల్ గల్లీల ఎంటబడ్డది. రెండు సేతుల్ల క్యాన్లుంటె ఏం జేస్తడు. గోధుమ రంగుది, చెవి కొస తెగింది. సూదులు ఏసుకుంటె పనికి పోరాదని పసరుకు పోయిండు. నెలలు దాటినంక జరం. కాళ్ళు చచ్చుబడ్డయి. డాక్టర్లు నరాల జబ్బన్నరు. నీళ్ళు పోస్తె గొంతు నొస్తుందని మొహం తిప్పుకునేటోడు.

"ఎట్ల తిప్పుకునేటోడు?" అన్న.

ఆమె తల గోడ దిక్కు తిప్పి చూపిచ్చింది.

డాక్టరమ్మకు ఫోన్ చేసిన. అంత ఇన్నది. ఆమె గొంతు మారింది. "ముట్టకు. అది రేబిస్ అయితే కార్నియాతో నేరుగా మెదడుకు పోతుంది. కన్ను కోసం ప్రాణం పెట్టలేం. వచ్చెయ్" అన్నది. "పరీక్ష ఏమన్న చేపిద్దమా మేడం?" అంటె, "మెదడు ముక్క కావాలి. ఈ రాత్రికి అయ్యే పని కాదు, వాళ్ళు ఒప్పుకోరు కూడా" అన్నది.

మణెమ్మకు చెప్పిన. ఎంత మెల్లగ చెప్పిన్నో నాకే ఎర్క. ఆమె లేచి నిలవడ్డది. ఏడ్వలే. కోపం.

"పనికి రావా? ఇయి గూడ పనికి రావా? కాళ్ళు పాయె, గొంతు పాయె, మనిషే పాయె... కండ్లన్న ఎవరికో ఒకరికి ఉంటయనుకున్న. ఆయన కండ్లల్ల ఏ దోషం లేదు మేడం. సూడుండ్రి ఒక్కసారి. సూడుండ్రి!" అని వంగి ఆయన రెప్ప లేపింది.

మంచిగున్నయి. సక్కగ, నిగనిగ... అంత మంచి పొర ఈ మధ్యల నేను చూడలే. నా దేవుడా, గదే ఇంకా గుర్తొస్తది నాకు.

తెల్లారంగనే తల్లీబిడ్డలు పోయి సూదులు ఏపిచ్చుకోండ్రని కాళ్ళా వేళ్ళా పడి చెప్పి బయటికొచ్చిన. బండెక్కంగనే పద్మావతమ్మ ఫోను.

"వచ్చేస్తున్నావా అమ్మాయ్? లహరికి చెప్పేశాను. నవ్విందమ్మా చాన్నాళ్ళకి."

ఏం చెప్పిన్నో ఎట్ల చెప్పిన్నో... చెప్పిన. ఆ కండ్లల్ల జబ్బుందమ్మా, పెడితె పిల్ల పానానికే మోసం అన్న. ఫోన్ కట్ చెయ్యలే ఆమె. దవాఖాన దాక గట్లనే పట్టుకోని ఉన్నం ఇద్దరం. తెల్లారక ముందే కన్ను పగిలింది. డాక్టరమ్మ చేసేదంత చేసింది. ఏం మిగలలే.

నర్సింహను గా పొద్దున్నే కాలవెట్టిండ్రు. కాయితం మీద గుండె ఆగింది అనే ఉంది.

అయిపోయింది గదా అనుకుంటున్నరా? నేను గూడ గట్లనే అనుకున్న.

కొన్ని నెలలైనంక దిల్‌సుఖ్‌నగర్‌ల పని పడి పోయిన. కాళ్ళు వాటంతట అవే హాస్టల్ గల్లీ దిక్కు గుంజినయి. వాచ్‌మన్ని అడిగిన. నీళ్ళ క్యాన్ల నర్సింహను కుక్క కరిసింది ఈడనేనా అని. "అవునక్కా. గిదే కరిసింది" అని చెయ్యి చూపిచ్చిండు.

మెట్ల కింద నీడకు పండుకోని ఉంది. గోధుమ రంగు. చెవి కొస తెగింది. చెవి కొస ఎందుకు కత్తిరిస్తరో తెలుసా మీకు? ఆపరేషన్ చేసి, పిచ్చికి సూది ఏసి ఇడిసిపెట్టిన కుక్కకు గుర్తు అది. బలంగ ఉంది. తల లేపి నన్ను చూసి మల్ల పండుకుంది. పిచ్చి ఉన్న కుక్కైతె కరిసినంక దినాల్లనే సావాలె. ఇది నెలల సంది బతికే ఉంది.

అంటె నర్సింహకు ఆ జబ్బు లేనే లేదా? గా కండ్లు మంచియేనా?

వాచ్‌మనే మల్ల అన్నడు... "ఇంకోటి గూడ గిట్లనే ఉండె అక్కా. రెండింటికి చెవి తెగే ఉండె. ఏది కరిసిందో సక్కగ చెప్పలేను. గది వానకాలంల సచ్చింది. ఎట్ల సచ్చిందో ఎవ్వరు సూడలే."

ఇగ ఎవర్ని అడగాలె? మనిషి బూడిదాయె. మణెమ్మ బిడ్డను తీసుకోని ఊరికి పోయింది, ఫోన్ కలుస్త లేదు. గా కుక్కనే గనక కరిసుంటె... గా జబ్బే లేకుంటె... నీళ్ళ దిక్కెల్లి మొహం ఎందుకు తిప్పుకుండు? కండ్లు ఇచ్చుడు ఇష్టం లేకనా? ఆయనను ఎవరన్న అడిగిండ్రా అసలు? లేకపోతె ఆడ ఏం కానే లేదా... అలిసిపోయి, నిద్ర లేక, నాకే గట్ల అనిపిచ్చిందా? మరి ఆ గుటక? ఇన్న నేను. నా చెవులతోని ఇన్న.

పద్మావతమ్మ వాళ్ళు ఇంకా మా మీదనే ఉన్నరు. కోచింగ్ ఆగిపోయింది. లహరి గోడ పట్టుకోని మెట్లు దిగుతది. నా అడుగుల సప్పుడు ఎరుకపట్టి "స్వరూపక్కా" అంటది. మొన్న పద్మావతమ్మ గిన్నెల పులిహోర తెచ్చి నా చేతిల పెట్టింది.

"కన్ను పోతే పోయిందమ్మా. ఆ రాత్రి నువ్వు కనిపెట్టకపోతే నా బిడ్డే ఉండేది కాదు. నీ రుణం తీర్చుకోలేను" అన్నది.

కుక్క సంగతి ఆమెకు చెప్పలే నేను. గిన్నె తీసుకున్న.